తెరమీది అంకె వెనుక గీత



నల్లగొండ జిల్లా నుంచో, ప్రకాశం జిల్లా నుంచో ఒక ఊరి బోరు నీళ్లు సీసాలో నీటి పరీక్షా ప్రయోగశాలకు వస్తాయి. సీసా మీద ఊరి పేరు, బోరు ఎక్కడుందన్న వివరం, నీళ్లు పట్టిన తేదీ రాసి ఉంటాయి. టెక్నీషియన్ అందులోంచి 50 మిల్లీలీటర్లు కొలిచి, 10 మిల్లీలీటర్ల ఎర్రటి రీజెంటు కలిపి, ఫొటోమీటర్‌లో పెట్టి మీట నొక్కుతారు. తెరమీద 1.2 అని పడుతుంది. లీటరుకు 1.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అని అర్థం. ఆ అంకె రిజిస్టరులోకి ఎక్కుతుంది, రిపోర్టులోకి ఎక్కుతుంది. ఆ బోరు నీళ్లు పిల్లలకు తాగించవచ్చా లేదా అన్నది ఆ అంకెను బట్టే తేలుతుంది.

అయితే ఆ యంత్రం ఫ్లోరైడును చూడనే లేదు. అది చూసింది వెలుతురును మాత్రమే. ఒక దీపం, 570 నానోమీటర్ల వెలుతురును మాత్రమే పోనిచ్చే ఒక ఫిల్టరు, మధ్యలో ఆ నీళ్ల గొట్టం, అవతలి వైపు వెలుతురును కొలిచే ఒక కన్ను: అందులో ఉన్నవి ఇవే. వచ్చిన వెలుతురు ఎంతో చెప్పడం వరకే దానికి తెలుసు. ఇంత వెలుతురు వస్తే ఇన్ని మిల్లీగ్రాములు అని దానికి నేర్పింది మనిషి. ఆ నేర్పడాన్నే కాలిబ్రేషన్ ఫంక్షన్ ప్రోగ్రాం చేయడం అంటారు. ఈ పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక గ్రాఫు, ఒక సూత్రం తప్ప పెద్దగా ఉండదు. ప్రయోగశాలలో పనిచేసేవారికీ, చేరబోయే విద్యార్థులకూ ఇంకాస్త వివరంగా తెలియాలన్నది నా కోరిక.

ఫ్లోరైడును ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం మీకు తెలిసిందే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య పరిశోధన వ్యాసాలు మన ప్రాంతం నుంచే వచ్చాయి. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్లమీద గారలు, బిగుసుకుపోయిన వెన్నెముకలు, వంగని కీళ్లు చూసి, దానికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడేనని రాశారు. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడి గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగి తరాల పాటు మనుషుల ఎముకలను వంచేసింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మార్గదర్శక విలువ కూడా 1.5. ఈ 1.5ను గుర్తుంచుకోండి, దీనితో మనకు పని పడుతుంది.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. పారదర్శక పదార్థాలగుండా వెళ్లే వెలుతురు ఎలా తగ్గుతుందో మొదట గమనించినవాడు ఫ్రాన్సు దేశపు బూగే, 1729లో. తర్వాత 1760లో లాంబర్ట్ దాన్ని గణితంగా చెప్పాడు. 1852లో బేర్ ద్రావణం గాఢతను ఆ లెక్కలోకి తెచ్చాడు. వెలుతురు తగ్గడం కూడికల లెక్కలో ఉండదు, గుణకారాల లెక్కలో ఉంటుంది. ఒక పొర సగం వెలుతురును మింగితే, అలాంటిదే రెండో పొర మిగిలిన సగంలో సగాన్ని మింగుతుంది. అందుకే లాగరిథం అవసరమైంది, దానితో లెక్కించిన విలువను అబ్సార్బెన్స్ అంటారు. వెలుతురులో పదో వంతు మాత్రమే బయటికి వస్తే అబ్సార్బెన్స్ 1. నూరో వంతు వస్తే 2. ఇలా లాగరిథం తీసుకున్నాక అబ్సార్బెన్స్, గాఢత ఒకదానికొకటి అనుపాతంలో నడుస్తాయి. గ్రాఫు తిన్నని గీత అవుతుంది. ఈ లెక్కంతా యంత్రం లోపలే జరిగిపోతుంది. మనం పట్టించుకోవలసింది ఆ తర్వాతి మెట్టు.

ఫ్లోరైడ్ పరీక్షలో ఒక విశేషం ఉంది. మామూలు పరీక్షల్లో కొలవాల్సిన పదార్థం పెరిగే కొద్దీ రంగు చిక్కబడుతుంది. రక్తంలో చక్కెర, నీళ్లలో ఇనుము, నైట్రేటు, అన్నీ ఆ కోవలోవే. ఫ్లోరైడ్ దీనికి ఎదురు. స్పాడ్న్స్ అనే అద్దకపు పదార్థం, జిర్కోనియం కలిసి ఎర్రటి రంగునిస్తాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది వచ్చి జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటుంది, రంగు లేని పదార్థంగా మార్చేస్తుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే ఎరుపు అంత వెలుస్తుంది. కాబట్టి ఇక్కడ గీత పైకి ఎక్కదు, కిందికి దిగుతుంది. ప్రోగ్రాం చేసేవాళ్లు తడబడే చోటు ఇదే.

గీత గీయాలంటే ముందు మనకు తెలిసిన గాఢతలున్న ద్రావణాలు కావాలి. వాటిని స్టాండర్డులంటారు. తక్కెడకు పడికట్టు రాళ్లు ఎలాగో ఫొటోమీటర్‌కు ఇవి అలాగ. ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు తూచి, స్వేదనజలంలో కరిగించి, లీటరుకు సరిచేస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వస్తుంది. 221 ఎందుకంటే, 42 భాగాల సోడియం ఫ్లోరైడులో ఫ్లోరిన్ వాటా 19 భాగాలే. ఈ ఒక్క మెట్టులో పొరపాటు పడి సోడియం ఫ్లోరైడ్ 100 మిల్లీగ్రాములే తూస్తే, ఆ తర్వాత గీత ఎంత అందంగా వచ్చినా ప్రతి నమూనా అసలు విలువకు రెండింతలకు పైగా చూపిస్తుంది. స్టాండర్డులన్నీ ఒకే మోతాదులో తప్పాయి కనుక గ్రాఫులో ఎక్కడా వంకర కనబడదు. అందుకే వేరే సీసా నుంచి, వీలైతే వేరే చోట తయారైన స్టాండర్డును ఒకటి పెట్టి గీతను సరిచూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

లీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణాన్ని పదింతలు పలుచన చేసుకుని, దాన్నుంచి ఐదు స్టాండర్డులు చేశామనుకుందాం: సున్నా, 0.35, 0.7, 1.05, 1.4. ప్రతి దానికీ 50 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్ల రీజెంటు కలిపాం. చదివితే వరసగా 0.70, 0.63, 0.56, 0.49, 0.42 అబ్సార్బెన్స్ వచ్చిందనుకుందాం. అసలు ప్రయోగశాలలో ఇంత చక్కగా రావు, లెక్క సులువుగా సాగడానికి ఇలా తీసుకున్నాను. మిల్లీగ్రాముకు 0.2 చొప్పున అబ్సార్బెన్స్ పడిపోతోంది. గ్రాఫు పుస్తకంలో దీన్ని, అబ్సార్బెన్స్ అంటే 0.7లోంచి గాఢతకు 0.2 రెట్లు తీసేసినది అని రాసుకుంటాం.

యంత్రానికి ఇది పనికిరాదు. దానికి తెలిసింది అబ్సార్బెన్స్, కావలసింది గాఢత. కాబట్టి సమీకరణాన్ని తిరగేసి ఇవ్వాలి: గాఢత అంటే 3.5లోంచి అబ్సార్బెన్స్‌కు 5 రెట్లు తీసేసినది. అబ్సార్బెన్స్ 0.49 వస్తే, 3.5లోంచి 2.45 పోగా 1.05. సరిపోయింది. యంత్రం తెరమీద స్థిరాంకం అడిగిన చోట 3.5, మొదటి ఘాతపు గుణకం అడిగిన చోట మైనస్ 5 ఇవ్వాలి. అయితే ఏ గడిలో ఏది అడుగుతున్నారో యంత్రం పుస్తకం చదివి తెలుసుకోవాలి. కొన్ని యంత్రాలు గ్రాఫు పుస్తకపు రూపాన్ని అడిగి లోపల తామే తిరగేసుకుంటాయి, కొన్ని తిరగేసిన రూపాన్నే అడుగుతాయి. మైనస్ గుర్తు మరిచిపోతే తెలిసిపోతుంది, అంకెలు అర్థం లేకుండా వస్తాయి. కానీ అన్ని తప్పులూ అలా బయటపడవు.

ఉదాహరణకు, చాలా యంత్రాల్లో గీతను సున్నా గుండా పోనివ్వాలా అని ఒక ఎంపిక ఉంటుంది. రక్త పరీక్షలకు అలవాటు పడిన చేయి వెంటనే అవునని నొక్కేస్తుంది. అక్కడ అది సబబే, పదార్థం లేకపోతే రంగు లేదు. ఇక్కడ పదార్థం లేనప్పుడే రంగు నిండుగా ఉంటుంది. సున్నా గుండా పొమ్మని బలవంతం చేస్తే, మన ఐదు స్టాండర్డులకు యంత్రం వేసే గీత గాఢత అంటే అబ్సార్బెన్స్‌కు 1.06 రెట్లు అని వస్తుంది. అప్పుడు ఫ్లోరైడ్ అసలే లేని స్వేదనజలానికి 0.74 చూపిస్తుంది. 1.4 ఉన్న నీళ్లకు 0.45 చూపిస్తుంది. చెడ్డ నీళ్లకు మంచి అంకె, మంచి నీళ్లకు చెడ్డ అంకె! పైగా రెండూ ఒకటికి లోపలే ఉన్నాయి కాబట్టి రిజిస్టరు చూసేవాళ్లకు ఏ అనుమానమూ రాదు.

ఇంకో చిక్కు బ్లాంకుతో వస్తుంది. యంత్రాన్ని దేనితో సున్నా చేశారన్నది ఫంక్షన్‌లో భాగమే. కొన్ని పద్ధతుల్లో విడిగా తయారుచేసిన ఆధార ద్రావణంతో సున్నా చేస్తారు, అప్పుడు అబ్సార్బెన్స్ పైన చెప్పినట్టు ధనాత్మకంగా ఉంటుంది. కొన్నిటిలో స్వేదనజలానికి రీజెంటు కలిపి దానితోనే సున్నా చేస్తారు. అది అన్నిటికన్నా ఎర్రటి గొట్టం. దాన్ని సున్నా అంటే మిగతావన్నీ సున్నా కంటే తక్కువే, అంటే రుణ అబ్సార్బెన్సులే వస్తాయి. ఒక పద్ధతికి వేసిన ఫంక్షన్ రెండోదానికి చెల్లదు. రుణ విలువను ఒప్పుకోని యంత్రాలు కూడా ఉన్నాయి, వాటిలో రెండో పద్ధతి ఎంచుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు ఫంక్షన్ ఆకారం గురించి. యంత్రాలు తిన్నని గీత, వర్గ సమీకరణం, ఘన సమీకరణం అని మూడు నాలుగు ఎంపికలు ఇస్తాయి. ఘాతం పెరిగే కొద్దీ గీత గ్రాఫులోని చుక్కలకు మరింత దగ్గరగా పోతుంది కనుక ఘన సమీకరణమే గొప్పదని అనుకునేవాళ్లున్నారు. నాలుగు చుక్కలుంటే ఘన సమీకరణం నాలుగింటి గుండానూ కచ్చితంగా పోతుంది. పిపెట్‌తో తీసేటప్పుడు చేయి వణికిన చుక్క గుండా కూడా పోతుంది. ఆ వణుకును అది ఒక సత్యంగా నమ్మి తనలో దాచుకుంటుంది. గీత చుక్కలకు ఎంత దగ్గరగా పోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ విలువ సరిగ్గా 1 వస్తుంది, చూసి అందరూ సంతోషిస్తారు. ఇది ఫంక్షన్ మంచిదని చెప్పదు, చుక్కలు చాలలేదని చెబుతుంది. పైగా ఘన సమీకరణపు గీత చివరి చుక్క దాటగానే ఎటైనా వంగవచ్చు, వెనక్కి కూడా తిరగవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, ముందు తిన్నని గీతతో మొదలుపెట్టాలి. ఆర్ స్క్వేర్ చూసి ఆగిపోకుండా, స్టాండర్డులనే నమూనాలుగా తిరిగి చదివించి, ఒక్కోదానికి అసలు విలువకూ చూపిన విలువకూ తేడా రాసుకోవాలి. ఆ తేడాలు అటూ ఇటూ చెదిరి ఉంటే గీత సరైనదే. మొదట తక్కువ, మధ్యలో ఎక్కువ, చివర మళ్లీ తక్కువ అని ఒక వరస కనబడితే అక్కడ వంపు ఉంది. ఆర్ స్క్వేర్ 0.999 ఉన్నా ఆ వంపు ఉండవచ్చు. అప్పుడు వర్గ సమీకరణానికి వెళ్లొచ్చు. కొలిచే పరిధిని కుదించుకుంటే ఇంకా మేలు.

పరిధి అన్నాను కదా. నా దృష్టిలో ఫంక్షన్‌లో గుణకాల కంటే విలువైనవి దాని రెండు కొసలు. స్పాడ్న్స్ పద్ధతిలో గీత సున్నా నుంచి 1.4 వరకే తిన్నగా నడుస్తుంది. కొన్ని తయారు రీజెంట్లతో 2 వరకు పోవచ్చు. ఆ పైన ఏమవుతుంది? రంగునిచ్చే జిర్కోనియం తరిగిపోతూ ఉంటుంది, ఫ్లోరైడ్ ఎంత పెరిగినా వెలవడానికి రంగు మిగలదు. గీత చదునవుతుంది. లీటరుకు 6 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు తెచ్చారనుకోండి. అబ్సార్బెన్స్ 0.25 దగ్గర ఆగిపోయిందనుకోండి. మన ఫంక్షన్ ఏమాత్రం తటపటాయించకుండా 3.5లోంచి 1.25 తీసేసి 2.25 అని చూపిస్తుంది. ఆ ఊళ్లో నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీయాలనుకుంటే, పటిక మోతాదు నిర్ణయించేది నీళ్ల క్షారగుణంతో పాటు ఈ అంకే. 6కు బదులు 2.25 నమ్మి పటిక వేస్తే, శుద్ధి చేసిన నీళ్లని పేరు పెట్టుకుని ఫ్లోరైడ్ నీళ్లే తాగుతారు.

అందుకే ప్రోగ్రాంలో కింది హద్దు, పై హద్దు అని రెండు గడులుంటాయి. వాటిని ఖాళీగా వదలొద్దు. 1.4 దాటితే యంత్రం అంకె చూపకూడదు, పరిధి దాటిందని మాత్రమే చెప్పాలి. అప్పుడు 10 మిల్లీలీటర్ల నమూనాను 50కి పెంచి మళ్లీ చదివి, వచ్చిన దాన్ని 5తో గుణించాలి. ఆ గుణకారం యంత్రమే చేసేలా పెట్టారా, టెక్నీషియన్ చేతితో చేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ జరిగితే 6 కాస్తా 30 అవుతుంది, ఏదీ జరగకపోతే 1.2 అవుతుంది.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న 1.5 దగ్గరికి వద్దాం. గీత 1.4 దగ్గర ఆగిపోతోంది. అనుమతించే హద్దు 1.5. అంటే ఏ నీళ్ల విషయంలో మనకు కచ్చితమైన జవాబు అత్యవసరమో, సరిగ్గా అక్కడే మన ఫంక్షన్ నేల వదిలేస్తోంది. చుక్కల గుండా వేసిన ఏ గీతైనా మధ్యలో బలంగా, కొసల్లో బలహీనంగా ఉంటుంది. ఇది లెక్కల్లో నిరూపణ అయిన సంగతే. కాబట్టి 1.2 దాటి కనబడిన ప్రతి నమూనానూ సగానికి సగం స్వేదనజలం కలిపి మళ్లీ చదవడం నేను నియమంగా పెట్టమంటాను. 1.5 ఉన్న నీళ్లు అప్పుడు 0.75గా, గీత నడిమధ్యలో పడతాయి. అదనంగా ఒక్క గొట్టం, కొద్ది నిమిషాలు. ఒక బోరు మూయాలా వద్దా అన్న నిర్ణయానికి అది పెద్ద ఖర్చేమీ కాదు.

రీజెంటు కొలత గురించి ఒక మాట. మామూలు పరీక్షల్లో రీజెంటు కాస్త ఎక్కువైనా పెద్దగా చెరుపు లేదు. ఇక్కడ మనం చదివేదే రీజెంటు రంగు. 10 మిల్లీలీటర్లకు బదులు 10.5 పడిందంటే, మన ఉదాహరణలో 1.0 ఉన్న నీళ్లు 0.9 అని కనబడతాయి. కొలజాడీ పక్కనపెట్టి, ఒకే గుర్తున్న పిపెట్ వాడాలి. స్టాండర్డులు, నమూనాలు ఒకే వేడిమి దగ్గర ఉండాలి కూడా. ఏసీ గదిలో చలికాలంలో గీసిన గీతతో, మే నెలలో జీపులోంచి అప్పుడే దించిన సీసాను చదవకూడదు. దాన్ని కాసేపు గదిలో పెట్టి చల్లారనివ్వాలి.

గుణకాలు ఎక్కించేటప్పుడు దశాంశాల్లో పిసినారితనం వద్దు. 0.0047ను చూడ్డానికి బాగుంటుందని 0.005 చేస్తే ఆరు శాతానికి పైగా తేడా అక్కడే వచ్చేస్తుంది. తెరమీద చూపే ఫలితానికి రెండు దశాంశాలు చాలు, లోపలి గుణకాలకు మాత్రం లెక్కలో వచ్చినన్ని ఇవ్వాలి. అలాగే పక్క ల్యాబులోని ఫంక్షన్‌ను మన యంత్రంలోకి ఎక్కించుకోవడం అనే పద్ధతి ఉంది. ఫిల్టరు వేరు, గొట్టం మందం వేరు, రీజెంటు బ్యాచి వేరు. ఒక సెంటీమీటరు గొట్టానికి వేసిన గీత అంతకంటే లావు గుండ్రటి గొట్టానికి ఎలా సరిపోతుంది? రీజెంటు కొత్త సీసా విప్పినప్పుడల్లా గీత కొత్తగా గీయాలి. రోజూ పని మొదలుపెట్టేముందు 1.0 స్టాండర్డు ఒకటి చదివి, ఆ రీడింగును రిజిస్టరులో నమూనాలకంటే ముందు వరసలో రాయాలి.

చివరిగా, ఏ ఫంక్షనూ సరిదిద్దలేని సంగతి ఒకటుంది. నల్లగొండ పద్ధతిలో పటిక వాడతామని చెప్పాను. పటిక అంటే అల్యూమినియం ఉప్పు. శుద్ధి చేసిన నీళ్లలో అది కొంత మిగిలిపోతుంది. ఫ్లోరైడ్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి జిర్కోనియం జోలికి పోదు, రంగు వెలవదు. యంత్రం ఫ్లోరైడ్ తక్కువని చూపిస్తుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా, 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ రీడింగు 0.1 మేర తగ్గవచ్చు. మన తాగునీటి ప్రమాణమే అల్యూమినియాన్ని, వేరే దారి లేనప్పుడు, 0.2 వరకు అనుమతిస్తోంది. అంటే ఫ్లోరైడ్ తీసేసిందని నిరూపించుకోవలసిన ప్లాంటు నీళ్లే, పరీక్షలో ఉన్నదానికంటే మంచిగా కనబడే అవకాశం ఉన్న నీళ్లు. స్వేదనజలంతో చేసిన స్టాండర్డుల్లో అల్యూమినియం లేదు కనుక మన గీతకు ఈ సంగతి తెలియదు. కుళాయి నీళ్లలో మిగిలే క్లోరిన్ ఇందుకు ఎదురు, అది రంగును తానే వెలిసిపోయేలా చేసి ఫ్లోరైడ్ ఎక్కువని చూపిస్తుంది. దాన్ని ముందే పోగొట్టాలి.

అల్యూమినియానికి ఉపాయాలున్నాయి. నమూనాను ముందు స్వేదనం చేసి ఫ్లోరైడును వేరుచేయవచ్చు. లేదా రీజెంటు కలిపాక రెండు గంటలు ఆగి చదవవచ్చు, ఆ వ్యవధిలో ఫ్లోరైడ్ మెల్లగా అల్యూమినియాన్ని వదిలి జిర్కోనియం వైపు వస్తుంది, అడ్డు చాలావరకు తగ్గుతుంది. లేదంటే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో సరిచూసుకోవచ్చు. నా సలహా, యంత్రంలో ఫ్లోరైడుకు ఒక ప్రోగ్రాం కాదు, రెండు పెట్టండి. మొదటిది బోరు నీళ్లకు, రీజెంటు కలిపిన వెంటనే చదివేది. రెండోది ప్లాంటు నీళ్లకు, టైమరు రెండు గంటలకు పెట్టినది, అంతసేపూ ఆగిన స్టాండర్డులతోనే గీత గీసినది. రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఏది ఎప్పుడు గీశారో, ఏ బ్యాచి రీజెంటుతో గీశారో, ఎవరు గీశారో యంత్రం పక్కన గోడమీద అంటించండి. సీసా తెచ్చినవారిని మొదట అడగవలసిన ప్రశ్న, ఈ నీళ్లు బోరువా, ప్లాంటువా అని.